తాడు లేని పాతాళభేది

హెబ్బాళ దగ్గర మెట్రో కోసం తవ్విన గోతిలోంచి
గుప్పెడు మట్టి తెచ్చాను, టిఫిన్ డబ్బా మూతలో.
ఎర్రగా ఉంది. ఎరుపంటే తుప్పే.
వాన పడితే ఈ ఊళ్ళో
ఆటో చక్రాలు కూడా తాంబూలం వేసుకున్నట్టుంటాయి.

అంత ఇనుములో కాపురముండి
ఇనుముకే మొహం వాచి ఉంటాయవి.
గాలి తగిలిన ఇనుము బిగుసుకుపోతుంది,
నీళ్ళలో కరగదు, నోటికందదు.
గోడౌను నిండా బియ్యం,
తాళంచెవి తాలూకా ఆఫీసులో.

అప్పుడా సూక్ష్మజీవి ఏం చేస్తుందో తెలుసా మునిరత్నమ్మా,
అని మొదలుపెడతాను.
ఆసిడ్ తొట్టిలోంచి ఫ్లాస్కులు తీస్తూ
"చెప్పు, పని చేతులకే కదా, చెవులు ఖాళీయే" అంటుంది
కోలారు యాసలో.

ఒంట్లోని సత్తువతో ఒక కొక్కెం అల్లి
బయటికి వదులుతుంది.
బావిలో పడ్డ బిందెకి పాతాళభేది వేసినట్టు.
"పాతాళ గరడి" అని దిద్దుతుంది ఆవిడ.
సరే, గరడి. కానీ దీనికి తాడుండదు.
వదిలింది ఏ రేణువుకి తగులుకుంటుందో,
తగులుకుని ఎవరి గుమ్మం చేరుతుందో.
పక్కింటివాడొకడు అల్లిక మానేసి
తలుపు మాత్రం ఆ కొక్కెం కొలతకి చేయించుకుంటాడు.

"మా చిన్న మరిది" అంటుంది, తలెత్తకుండా.

నీలం పళ్ళెంలో పెట్టిన చుక్క చుట్టూ
తెల్లారేసరికి నారింజ రంగు వలయం.
ఇనుము చేతులు మారిన జాడ.
ఆ వలయం కోసమే నా ఐదేళ్ళు.

ఇనుము కాస్త మిగిలినా అవి అల్లవు.
గాజు గోడకంటిన ధూళి చాలు, ఊరుకుంటాయి.
అందుకే ఆసిడ్, అందుకే మూడుసార్లు కడగడం.
పోయిన నెల ఆవిడ రక్తంలో ఏడే ఉందని
డాక్టరు సెలవు రాశాడు.
ఎవరో కుర్రాడు కుళాయి నీళ్ళతో కడిగాడు.
వారమంతా నా పళ్ళాలు నీలంగానే ఉండిపోయాయి.

"ఎట్లా తెలుస్తుంది వాటికి, ఎప్పుడు ఆపాలో?"

లోపలొక ప్రోటీను ఉంటుంది.
ఇనుము అందగానే ఒళ్ళో పెట్టుకుని
పోయి జన్యువు మీద కూర్చుంటుంది, అల్లిక ఆగిపోతుంది.
మించితే ఇనుమే లోపల నిప్పు కదా.

"కూర్చుని ఏమంటుంది?"

చాలు అంటుంది.

ఫ్లాస్కు వెలుతురుకెత్తి చూసింది.
"మాకు చాలంటే నాగలి గీసిన గీత.
ఒకటైతే ఇంకోటి. గట్టు వచ్చేదాకా."

గ్లవ్స్ విప్పి, కొంగు ముడిలోంచి మాత్ర తీసి
సగానికి విరిచింది.
సగం నిమ్మనీళ్ళతో మింగింది.
అదేంటన్నాను.
కోడలికి ఏడో నెల అంది, ముడి వేసుకుంటూ.

గుమ్మం దగ్గర నా చెప్పులకి
అరకిలో ఎర్రమట్టి, ఇంకా తడిగానే.