సున్నా నుంచి డెబ్బై తొమ్మిది దాకా

మొదటి రోజు రిక్స్ట్ మర్చిపోయింది
నేలకి కట్టడం.
మౌస్‌తో వంతెన రెక్క పట్టి లాగితే
రెక్కతో పాటు ఇనప కమ్మీలు, బరువు దిమ్మ,
కాలవ గట్టు, గట్టు మీది ఇటుక గోడ
అన్నీ కలిసి తెర పైమూలకి తేలిపోయాయి.
ఏదో ఒకటి కదలనని మొండికెయ్యాలి ముందు.
గట్టుని ఎంచుకుని మేకు గుర్తు దిగేసింది.
అప్పుడొచ్చింది మిగతావాటికి కదిలే హక్కు.

ఫ్రీస్లాండ్‌లో ఫిబ్రవరి. కిటికీ అవతల
అదే వంతెన, అసలుది,
తుప్పు మీద తెల్ల రంగు, రంగు మీద మళ్ళీ తుప్పు.
వచ్చే ఎండాకాలం నించి దాన్ని
నలభై కిలోమీటర్ల దూరంలో ఏదో గదిలో కూచుని
ఒక మీట నొక్కి ఎత్తుతారట.
అందుకే ఈ బొమ్మ.
ఏ కీలు ఎంత తిరుగుతుందో
యంత్రానికి ముందే చెప్పి ఉంచాలి.

కీలెరిగి వాత పెట్టమన్నారు.
ఇది తిరిగే కీలు, ఒక్క ఇరుసు, ఒక్కటే దారి.
ఇది జారే కీలు, గడియలా ముందుకీ వెనక్కీ.
ఇది గుండు కీలు, భుజంలా ఎటైనా సరే.
ఇది అసలు కీలే కాదు, అతుకు.
ముక్కకీ ముక్కకీ మధ్య
ఒక్కో స్వేచ్ఛనీ కోసేస్తూ పోతే
చివరికి మిగిలిందే కదలిక.
మరీ బిగించి కట్టేస్తే తెర ఎర్రగా అరుస్తుంది.
రాత్రి తొమ్మిదింటికి అరిచింది.
రెండు ఇరుసులూ, వెంట్రుకవాసి తేడాలో,
ఒకే గీత మీద లేవట.

మర్నాడు వొబ్బెని పిలిచింది.
ఇరవై ఆరేళ్ళు ఆ వంతెన ఎత్తినవాడు,
పడవల వాళ్ళ సుంకాన్ని
గాలపు కర్రకి వేలాడే చెక్కచెప్పులో పట్టినవాడు.
కుడి మోచెయ్యి ఇప్పుడు పూర్తిగా చాచుకోదు.
"అవెప్పుడూ ఒకే గీత మీద లేవు" అన్నాడు, కాఫీ ఊదుకుంటూ.
"ఎడమది కుంగింది, నేను రాకముందే.
ఇరుసు చుట్టూ ఇంత సందుంటుంది చూడు,"
బొటనవేలి గోరు అంచు చూపించాడు,
"ఆ సందులోనే బతికింది వంతెన."

ఎంతదాకా ఎత్తేవారని అడిగింది.
"నీ దాంట్లో ఎంతుంది?"
"ఎనభై అయిదు డిగ్రీలు."
"డెబ్బై తొమ్మిది.
ఆ పైనంతా గాలిది, నాది కాదు."

సున్నా అని కొట్టింది, డెబ్బై తొమ్మిది అని కొట్టింది.
గోరంచంత సందు కూడా ఇచ్చింది.
ఎరుపు పోయింది.

ఎత్తి చూడండి, అని మౌస్ అతని ముందుకి జరిపింది.
రాపిడి లేని లోకం అది,
వేలితో తోస్తే రెప్పపాటులో లేస్తుంది.
ఆఫీసులో అందరూ అలాగే ఆడిస్తారు, పైకీ కిందకీ, టపటపా.
వొబ్బె రెండు చేతులా పట్టుకున్నాడు దాన్ని,
చేతి చక్రం పట్టుకున్నట్టు.
మెల్లగా తోశాడు.
అరవై దగ్గర కాస్త ఆగాడు,
అక్కడ పళ్ళ చక్రంలో ఒక పన్ను విరిగి ఉంటుంది.
బొమ్మలో అన్ని పళ్ళూ ఉన్నాయి.

డెబ్బై తొమ్మిదికి చేరాక వదల్లేదు.
కాఫీ మీద మీగడ కట్టింది.
ఏదో అనబోయి రిక్స్ట్ అతని చూపు వెంట చూసింది,
తెర ఎడమ అంచున,
బూడిద రంగు తప్ప ఏమీ లేని చోట.
"పొడుగు పడవ" అన్నాడు.
"వెనక ఇంకోటి కూడా ఉన్నట్టుంది."

పని దాచమంటారా అని అడుగుతూ
కింది మూల చిన్న పెట్టె తెరుచుకుంది.
అతను దించేదాకా
ఎవరూ దానికి జవాబు చెప్పలేదు.