మూడు కిలోలు

పంజాగుట్ట వంతెన దిగుతుంటే
తెల్లారగట్ల నాలుగుంబావుకు
వెనక ఎడమ టైరు నిట్టూర్చింది.
అట్ల చెప్తే తర్వాత జిలానీ భాయ్ నవ్విండు:
"ఏడాది సంది చెప్తనే ఉండొచ్చమ్మా,
నువ్వు ఇయ్యాల విన్నవ్."

పదహారు క్యాన్ల దోశ పిండి.
రెండు ఒరిగి మూతలూడినయ్.
రోడ్డు మీద తెల్లగ పారుతుంటే
ఎక్కడివో రెండు కుక్కలొచ్చి
వాసన చూసి, పులుపుకు మొహం తిప్పుకున్నయ్.
భిక్షపతి జాకీ కోసం దేవులాడుతుండు.
నేను నారాయణగూడ హోటలుకు ఫోన్ కలిపి
అబద్ధం ఎక్కడ మొదలుపెట్టాల్నా అని చూస్తున్న.

రాణిగంజ్‌ల దుకాణం తెరిచేదాక మెట్ల మీదనే కూసున్న.
ఆయన చచ్చిన టైరును దొర్లించుకొచ్చి
తడిబట్టతోని దాని గోడ తుడిచిండు.
"చదువు," అన్నడు.
ఆరేండ్లు టైర్ల మీదనే బతికిన.
వాటి మీద రాత ఉంటదని చూడలే.

నూట యాభై అయిదు: వెడల్పు, మిల్లీమీటర్లల్ల.
పదమూడు: లోపలి చక్రం, ఇంచుల్ల.
ఇంచు, మిల్లీమీటరు ఒక్క గోడకే కాపురం,
బోరబండల మా వాడకట్టు లెక్క.
చివర్న డెబ్బయి మూడు.
"ఇదేంది, కిలోలా?"
"గుట్టు లెక్కమ్మా. డెబ్బయి మూడు అంటే
మూడొందల అరవై అయిదు కిలోలు.
నీకెవరో అగ్గువకు కారు టైర్లు అంటగట్టిండ్రు.
పెండ్లికి పోయే నలుగుర్ని మోసేటందుకు పుట్టినయ్.
నువ్వు వీటి నెత్తిన మూడు హోటళ్లు పెట్టినవ్."

మా చెల్లె కొడుకు రిత్విక్ అప్పుడే ఫొటో పంపిండు:
లావు టైర్లు, మెరిసే చక్రాలు.
"పెద్దమ్మా, ఇవి వేస్తే మన బండి పులి!"
జిలానీ భాయ్ ఏమనలే.
ముందు చక్రం పూర్తిగ పక్కకు తిప్పి
రేకుకు, రబ్బరుకు నడుమ
రెండు వేళ్లు పెట్టి చూపించిండు.
మూడో వేలు పట్టలే.

"ఇవి తీస్కో. అదే వెడల్పు, అదే పదమూడు,
పక్కన ఎల్‌టీ, గోడ మందం.
తొంభై అని ఉన్నది చూడు, అంటే ఆరు వందలు."
నాలుగు ఆర్ల ఇరవై నాలుగు.
నాకు నోరూరింది.
"అయితే ఇరవై క్యాన్లు ఎక్కించొచ్చు!"
"టైరు మోస్తనంటది. ఇరుసునడిగినవా?
బ్రేకునడిగినవా? ఆర్సీ తియ్యి."

ఖాళీ బండి తొమ్మిది వందల నలభై.
నిండితే పదిహేను వందల నలభై దాటొద్దు.
నడుమ ఆరు వందలు.
పాత ట్యూబు డబ్బా చింపి దాని మీద రాసిండు.
భిక్షపతి, యాభై అయిదు.
"నువ్వు?"
పక్క తుక్కు దుకాణపాయన కాంట చూపించిండు.
చెప్పులిడిచి ఎక్కిన. అరవై రెండు.
చాయ్ తాగుతున్నోళ్లంతా చూసిండ్రు, చూస్తే చూసిండ్రు.
మిగిలింది నాలుగు వందల ఎనభై మూడు.
క్యాను నలభై.
పన్నెండు.

ఇన్నేండ్లు మూతలు లెక్కబెట్టిన గాని బరువు చూడలే.
రాత్రి సగమున్న క్యాను
పొద్దుగాల అంచుదాక పొంగుతది,
కాంట మీద మాత్రం అదే బరువు.
చేతులు తెల్లగయ్యేదాక పిండి రుబ్బినదాన్ని,
ఈ సంగతి నాకు టైర్లాయన చెప్పాల్నా?

ఎగబడ్డ నాలుగు క్యాన్లకు రెండో ట్రిప్పు.
హిమాయత్‌నగర్ హోటలాయన గంట ఆలస్యమంటే
గొణుగుతనే ఒప్పుకున్నడు.
గ్యాసు ఖర్చు నా మెడకే.
ఇప్పుడు మూడున్నరకే లేస్తున్న,
బండి కదలకముందు, టైరు చల్లగున్నప్పుడు
గాలి చూడమన్నడు గదా.
మీటరు ముల్లు సెల్‌ఫోన్ వెలుగుల వణికి
ఒక దగ్గర ఆగుతది.

నలభై పన్నెండ్ల నాలుగు వందల ఎనభై.
ఇంకా మూడు కిలోలు ఉన్నయ్ నాకు.
అండ్ల నా సద్ది డబ్బా,
భిక్షపతి నీళ్ల సీసా, గాలి మీటరు.
అయినా కొంచెం మిగులుతది.
దాంట్ల ఏం పెట్టాల్నో
ఇంకా అనుకోలే.