లాభం, రెండు, మూడు

రెడ్‌హిల్స్ బియ్యం మండీలో
తెల్లారుజామున ఒకటి అనే మాట ఎవరూ అనరు.
నాయుడుపేట లారీ మీద తార్పాలిన్ తీసి
మొదటి బస్తా భుజం మీంచి దించగానే
వెంగయ్య "లాభం" అంటాడు.
తరవాత రెండు. తరవాత మూడు.

నేను గల్లాపెట్టె పక్కన చిట్టా రాస్తాను.
పదకొండేళ్ళుగా నా మొదటి గీత
లాభానికే.
కొత్తలో అడిగాను, మరి ఒకటి ఏమైంది అని.
"రెండోది దిగిందాకా
దాన్ని లెక్కెందుకు పెట్టాల తల్లీ?"
అన్నాడు, ఆరిన బీడీ చెవి మీదికి మార్చుకుంటూ.

మా షావుకారు గురునాథం శెట్టి
ఆదివారం సాయంత్రాలు మైలాపూరు వెళ్ళి వేదాంతం వినొస్తాడు.
సోమవారం పొద్దున ఆయనకి అంతా ఒకటే,
పాతబియ్యం, కొత్తబియ్యం, నూక, తవుడు,
లారీ, లారీ డ్రైవరు, లారీ కింద పడుకున్న కుక్క.
పది గంటలకి ఒక బస్తా తగ్గుతుంది.
ఇక బ్రహ్మమైనా సరే
వచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టాల్సిందే.

ఎగతాళికి చెప్పడం లేదు.
ఆయన నిజంగానే విన్నాడు, కళ్ళు మూసుకుని.
ఆ బస్తానీ నిజంగానే వెతికాడు,
చొక్కా విప్పి, వరసల సందుల్లో, మోకాళ్ళ మీద,
వీపంతా తవుడు.
ఉన్నదంతా ఒకటే అయినవాడికి కూడా
లేనిది మాత్రం విడిగా కనబడుతుంది.

ఆరు అయ్యాక వెంగయ్య గొంతు ఒక్క క్షణం ఆగుతుంది.
ఏడు అనడు. ఏడు అంటే ఏడుపు.
"ఆరున్నొక్కటి."
పొద్దుట్నించీ నాలిక కింద దాచుకున్న ఒకటి
అప్పుడు బయటికొస్తుంది.
లెక్క మొదలుపెట్టడానికి రాని మాట
ఎవరూ ఏడవకుండా చూడ్డానికి వస్తుంది.

పక్క లారీ ఏళుమలైది.
కొక్కెం దిగేసి, బస్తా ఎగరేసి, "ఏళు!" అని
జి.ఎన్.టి. రోడ్డు దాకా వినబడేట్టు అరుస్తాడు.
అతని భాషలో ఏడు ఏడవదు.
"నా పేరేందో తెలుసా మామా? ఏడుకొండలు.
ఆరున్నొక్క కొండలని పిలుస్తావా?
ఆ కొండలు మీ దిక్కునే ఉన్నాయి,
భయం కూడా మీకేనా?"
వెంగయ్య దగ్గు వచ్చేదాకా నవ్వాడు.
మర్నాడు మళ్ళీ ఆరున్నొక్కటే.
అయితే ఏళుమలై కూడా
మొదటి బస్తాకి లాబం అనే అంటాడు,
ఒత్తు లేకుండా.

కాటా ఇప్పుడు కరెంటుది.
ఎర్ర అంకెలు, ఇరవై ఆరు కిలోలు, సున్నా, ఇరవై ఆరు.
దానికి ఏడుతో గొడవ లేదు,
లాభం అన్న మాటా రాదు.
తూకం సరిగ్గానే ఉంటుంది, కాదనను.

సాయంత్రం కుప్పమ్మ వస్తుంది.
ఊడ్చిన బియ్యం ఆవిడకి, అది మండీ వాడుక.
చేటలో పోసి చెరుగుతుంది,
పొట్టు గాలికి పుళల్ చెరువు వైపు పోతుంది.
రాయి, మెరిక, రాయి, ఏరిపారేస్తుంది
ఒక్కొక్క గింజ ముఖం ఎరిగినట్టు.
లోపల ఫోన్లో శెట్టి ఎవరికో చెబుతున్నాడు,
"బియ్యం ఉంది."
బయట కుప్పమ్మ నాతో అంటుంది,
"ఇయ్యాల బాగానే ఉన్నాయమ్మా బియ్యం."

ఇద్దరూ తప్పు మాట్లాడలేదు.
మా భాష ఇద్దరికీ ఒప్పుకుంది,
ఉంది అన్నా, ఉన్నాయి అన్నా.

నేను చిట్టా మూసేముందు
చివరి వరసలో
బియ్యం అని రాస్తాను,
పక్కన అంకె వేస్తాను.
ఇన్నేళ్ళలో
క్రియ మాత్రం రాయలేదు.