రానూపోనూ

వారం పొడుగునా ఊరి చూపుకి నంబర్లు వేస్తాను,
బోగోర్ బజారు మలుపులో, కళ్ళద్దాల కొట్టులో.
గడ్డం ఆనించండి. ఎడమ కన్ను మూయండి.
కింది వరస చదవండి.
శనివారం తెల్లారకముందే నా కళ్ళు నావి.
ప్లాట్‌ఫారం చివర నిలబడి
చీకట్లోంచి వచ్చే బండి నుదుటి అంకెని
ఫర్లాంగు దూరాన్నే చదివేస్తాను.

మా చెల్లెలికి ఇదంతా వెర్రి.
"నినింగక్కా, రైలెక్కి ఎక్కడికి?"
"రైల్లోకే."

ఈ లోకల్ పుట్టిల్లు జపాను.
యోకొహామా దగ్గర ముప్ఫయ్యేళ్ళు మోసి మోసి
ఓడెక్కి మా దేశం వచ్చింది.
రంగు మార్చాం, సీట్ల గుడ్డ మార్చాం,
తలుపు పక్క పిడి మీది జపాను అక్షరాల్ని
మా భాష స్టిక్కరుతో కప్పాం.
స్టిక్కరు అంచు లేచింది.
ప్రతిసారీ గోటితో కొంచెం ఎత్తి చూస్తాను.
చదవడం రాదు.
పలకరించి మళ్ళీ అతికిస్తాను.

కదిలేటప్పుడు మోటారు ముందు మూలుగుతుంది,
తర్వాత గొంతు సవరించుకుంటుంది,
బోజోంగ్ గెడె దాటాక
ఒక్కటే సన్నటి ఊళ.
కొత్త బళ్ళు ఇలా మాట్లాడవు.
చల్లగా, మెత్తగా, బ్యాంకు గుమాస్తాల్లా ఉంటాయి.
వచ్చే నెల దీన్ని తప్పిస్తారని చెప్పింది
డిపోలో ఊడ్చే కర్సితో. అతని మాట సగం నిజం.
ఏ సగమో తెలీక ఇవాళే వచ్చాను.

మాంగరాయ్‌లో మెట్లు, మెట్ల మీద జనం.
తెగిన చెప్పు చేత్తో పట్టుకున్న నర్సు.
కోడిపిల్లల అట్టపెట్టెని
ఒళ్ళో దాచుకున్న ముసలాయన.
పెట్టె కిచకిచమన్నప్పుడల్లా ఆయన దగ్గుతున్నాడు.

పసర్ సెనెన్‌లో దూరప్రయాణం బండి. కిటికీ సీటు.
ఎదురుగా గాలూ అనే పిల్లాడు, వాళ్ళమ్మమ్మ.
వాడి ఒళ్ళో నోటుబుక్కు, నా ఒళ్ళో నోటుబుక్కు.
దొంగని దొంగ గుర్తుపట్టినట్టు చూసుకున్నాం.
"చిరెబోన్‌లో ఇంజను మారుస్తారా?" పరీక్ష పెట్టాను.
"ఎందుకు మారుస్తారు?" అన్నాడు జాలిగా.

ప్రుపుక్‌లో ఆగిపోయింది.
అయిదు నిమిషాలు. పదిహేను.
వెనకొచ్చే ఎక్స్‌ప్రెస్ ముందు పోవాలట.
పెట్టెంతా చిటపటలు.
ఎవరో ఫోన్లో పెళ్ళివారిని బతిమాలుకుంటున్నారు.
వాడికీ నాకూ మాత్రం పండగ:
టికెట్టు మీద లేని నిమిషాలు,
కూరగాయల బుట్టలో పడ్డ కొసరు.
కిందికి దిగాం. తలుపులో నిలబడి
అమ్మమ్మ వాడి కాలరు వదల్లేదు.

ముందు పట్టాలు గుసగుసలాడాయి.
నేల మీది నీళ్ళసీసా వణికింది.
ఆపైన
ధడధడధడమని తెల్లటి గీత,
వేడిగాలి చెంపదెబ్బ,
అంతే.
"తొమ్మిది పెట్టెలు," అన్నాను.
"పది. కరెంటు పెట్టె లెక్కపెట్టలేదు మీరు."
కొట్టేసి రాసుకున్నాను.
పాతికేళ్ళుగా కళ్ళద్దాల కొట్టు నాది.

ఇక ఎత్తు మొదలు. స్లామెట్ కొండ కనబడాలి,
మబ్బు కనబడింది.
బుమియాయు దగ్గర పొడుగాటి వంతెన.
దానికోసమే ఇంతదూరం వచ్చినదాన్ని,
నిద్రపోయాను.

గాలూ నన్ను లేపలేదు.
పుర్వొకెర్తోలో దిగేటప్పుడు
కాగితం చింపి చేతిలో పెట్టాడు:
"వంతెన: పదకొండూ యాభై రెండు.
వేగం: నెమ్మది.
కింద నీళ్ళు: కొంచెం. గేదెలు: నాలుగు."

రాత్రి ఆ ఊళ్ళో వేడి టెంపే,
సగమే వేగిన మెత్తటి పిండి, పచ్చిమిరపకాయ.
సత్రం గదిలోంచి వినబడే షంటింగు.
నిద్రకి అంతకన్నా ఏం కావాలి.

ఆదివారం రాత్రి జకార్తాలో నా లోకల్ రాలేదు.
కొత్తది వచ్చింది.
తలుపు పక్కన నా గోరు తనంతట తనే
లేచిన అంచు కోసం వెతికింది.
అంతా నున్నగా ఉంది.
బోజోంగ్ గెడె వస్తోంటే చెవి రిక్కించాను.
పక్కావిడ ఉల్లిపాయల సంచి సర్దుకుంటూ
"ఏమన్నా వినిపిస్తోందా?" అంది.

ఇంకా లేదు, అన్నాను.