రసీదుల డబ్బా

అమ్మ పోయాక వచ్చిన మొదటి గురువారం
నేనూ జూలియెట్ పిన్నీ
వంటింటి పై అర మీంచి బిస్కెట్ల డబ్బా దించాం.
సూదులూ పూసలూ ఉంటాయనుకున్నాం.
నాకోసం దాచిన నాలుగు డాలర్లు కూడా ఉంటాయేమోనని,
చెప్పుకోవడానికి సిగ్గే గానీ, అనుకున్నాను.

మూత బిగుసుకుపోయింది.
పిన్ని చెంచా కాడతో లేపింది.

లోపల రసీదులు.
పాలకి. రొట్టెకి. దగ్గు మందుకి.
నా బడి మొదటి రోజు మేజోళ్ళకి.
ముప్పై నాలుగేళ్ళవి,
ఏడాదికో రబ్బరు బ్యాండు చుట్టి.

పిన్ని కుర్చీలో కూలబడింది.
"నీలం దారం," అంది. అంతే అంది.

నాకు ఐదేళ్ళప్పుడు.
సస్కాచవాన్ నది గడ్డ కట్టిన నెల.
అమ్మ నా మొకాసిన్ల మీద పువ్వు కుడుతోంది,
రెండు రేకులు అయ్యాక దారం అడుగంటింది.
రంగు కలుస్తుందో లేదో చూద్దామని
మిగిలిన ఉండ సంచిలో వేసుకుని కొట్టుకి బయల్దేరింది.
ఆ కొట్టులోనే, పోయిన వారమే, కొన్న ఉండ.

మేం ఆగితే మా వెనక బూట్లు ఆగేవి.
మేం కదిలితే కదిలేవి.
సంచి బల్ల మీద బోర్లించమన్నాడు.
జపమాల, సగం తిన్న బానక్ రొట్టె,
నా చీమిడి గుడ్డ,
నీలం దారం.
"రసీదేది?"

అమ్మకి ఇంగ్లీషు వచ్చు. బాగా వచ్చు.
ఆ రోజు రాలేదు.
మీవాళ్ళంతా ఇంతే అన్నాడు,
తాగొచ్చావా అని మూతి దగ్గర వాసన చూశాడు.
తొంభై సెంట్ల దారం.
గల్లాపెట్టె పక్కన గోడకి అమ్మ ఫొటో అంటించారు.
వచ్చే వేసవి దాకా ఉందది,
ఎండకి రంగు వెలిసి.

తర్వాత ఏ కొట్టుకెళ్ళినా
గుమ్మంలోనే అమ్మ నా చేతులు జేబుల్లోంచి లాగేది.
"కనబడనీ," అనేది క్రీ భాషలో,
వాన పడుతోంది అన్నంత మామూలుగా.
బయట సున్నాకి ముప్పై ఎనిమిది కింద.
వేళ్ళు కొంకర్లు పోయేవి.

ఒక్కసారి మాత్రం నవ్వింది.
వంతెన మీద సరుకుల సంచులు దించి
అటూ ఇటూ చూసి,
"ఈ నదికి వాళ్ళ దగ్గర రసీదుందంటావా?
పద, అడిగొద్దాం," అని
పళ్ళన్నీ కనబడేలా.
ఇంటికొచ్చి ఆ పూట రసీదు
డబ్బాలో వేసి మూత నొక్కింది.

పాత వాటి మీద అంకెలింకా చదవొచ్చు.
కొత్తవి, ఆ నున్నటి కాగితాలు,
వాటంతట అవే తెల్లబడిపోయాయి.
ఏం కొన్నదో లేదు. ఎంతిచ్చిందో లేదు.
దాచుకుందన్నది ఒక్కటే మిగిలింది.

గుమ్మడికాయల దొంగంటే
భుజాలు తడుముకుంటాడట దొంగ.
మా భుజాలు చూడండి.
గుమ్మడికాయ ఎక్కడిదక్కడే ఉంది, ఎవరిదీ పోలేదు,
తడిమి తడిమి
మా చొక్కాలు అక్కడే చిరుగుతాయి.

మొన్న బడిలో ఎవరిదో పెన్సిళ్ళ పెట్టె కనబడలేదట.
టీచరమ్మ ఇంకా పిల్లల వైపు తిరగనేలేదట,
మా ఎమెరీ లేచి
తన సంచి తనే తెరిచి చూపించాడట.
వాడికి ఏడేళ్ళు.
ఎవరు నేర్పారు నీకు, అని అడగబోయి
ఊరుకున్నాను.

ఇవాళ పిన్ని డబ్బా పొయ్యిలో వేద్దామంది.
సరే అన్నాను.
తర్వాత వద్దన్నాను.
మొకాసిన్లు తెచ్చి దాని పక్కన పెట్టాను.
రెండు రేకులు నీలం,
మూడు రేకులు వేరే నీలం.

సాయంత్రం పాలకి వెళ్ళాం నేనూ ఎమెరీ.
తలుపు దగ్గర వాడు చేతులు బయటికి తీస్తుంటే
పట్టుకుని మళ్ళీ జేబుల్లో దోపాను.
"చలి," అన్నాను. "ఉంచుకో."
బూట్లు వెనకే వచ్చాయి.
వాడు నా మొహం చూశాడు. ఉంచుకున్నాడు,
పాల దాకా, గల్లాపెట్టె దాకా.

బయటికొచ్చాక చూసుకుంటే
నా పిడికిట్లో రసీదు,
చెమటకి మెత్తబడి.

చెత్తబుట్ట అక్కడే ఉంది,
రెండడుగుల దూరంలో.