నీళ్లు తగ్గినంక

లైఫ్ జాకెట్ పట్టీలు బిగించుకో సారూ,
తడి వాసనొస్తది, ఏమనుకోకు.
పొద్దటి సంది పదకొండో మనిషివి నువ్వు దానికి.

ఊగే వంతెన ఇరవై నిమిషాలు.
స్పీడ్ బోటుకు వేరే టికెట్.
దీవి మీద కూర మంచిగుంటది, కానీ
ముందుగాల చెప్పాలె,
కోడి గూడ మన లెక్కనే బోటెక్కి రావాలె.

నీ ఫోన్ల ఆ సముద్రం దీవి చూసిన.
తెల్లటి ఇండ్లు, నీలి తలుపులు,
గొడుగు లేపి పట్టుకొని ముందు నడిచే గైడు పిల్ల.
పొద్దుమీకంగ ఆమెకు గూడ పిక్కలు గుంజుతయేమో.
ఒక్కటి అడుగుత, నవ్వొద్దు:
ఆడ నీళ్లు పొలాలకు ఇడుస్తరా?

ఈడ లక్నవరంల ఇడుస్తరు.
యాసంగికి తూము లేపిన్రంటే
దినాం ఇంతింత దిగుతది చెరువు.
మా మామ సోడె గట్టయ్య
బండ మీద బొగ్గుతోని గీత గీస్తడు.
గీత కిందికి జరిగినకొద్ది
నా బోటు బేరం తగ్గుతది,
మా రెండెకరాలు పచ్చబడతయి.
ఏడ్వాల్నో నవ్వాల్నో
ఇప్పటిదాంక తెల్వదు.

మే నెలల రా సారూ,
బోర్డు మీద లేని టూరు చెప్తున్న.
అప్పుడు దీవి దీవి కాదు.
నెర్రెలువారిన మట్టి మీంచి
చెప్పులు చేత పట్టుకొని నడిచే పోవచ్చు.
దారిల దొరుకుతయి:
నత్తగుల్లలు, సెల్ఫీ కర్ర, పిల్లల బూటు ఒకటే,
పోయినేడు ఎవరో అలిగి ఇసిరేసిన ఉంగరం.
అది నాకే దొరికింది, ఎవరికి చెప్పకు.

గీ నీళ్లన్ని ఏడికి పోయినయంటవా?
కట్టెక్కి అవుతలికి చూపిస్త,
కల్లంల కుప్ప పోసి ఉంటయి.

నడుమల కూసో సారూ,
ఒక్క దిక్కే ఒరుగుతుంది బోటు.