మీటరు రీడింగు

నెలకోసారి ఆ వీధికి వెళ్ళేవాణ్ణి,
చేతిలో టార్చి, చంకలో నల్లట్ట పుస్తకం.
ఇద్రియా ఊళ్ళో ఏటివాలు వీధి అది.
పాదరసం గని చల్లబడ్డాక
వణికే చేతుల మగవాళ్ళూ
ఇంటి గడప మీద కూచుని లేసు అల్లే ఆడవాళ్ళూ మిగిలారు.

అక్కడ త్స్వేతో లాపాయ్నె
మేకల కొట్టంలో ఒక యంత్రం కట్టాడు.
రాగి తొట్టి. అందులో మూడు బకెట్ల పాదరసం,
గనిలోంచి ఎలా వచ్చిందో ఎవరూ అడగలేదు.
దాని మీద బెండులా తేలుతూ ఒక ఇనప చక్రం.
ఒక్కసారి తోస్తే చాలన్నాడు.
బొగ్గొద్దు, నూనొద్దు,
బెల్‌గ్రేడ్ దయ అసలే వద్దన్నాడు.

తిరిగింది. నా కళ్ళతో చూశాను.
దూలానికి వేలాడిన పన్నెండు బల్బులు
పెళ్ళిపందిట్లోలా వెలిగాయి.
పాల డబ్బాలు మోసుకొచ్చిన వాళ్ళు
పాలు విరిగేదాకా అక్కడే నిలబడ్డారు.

ల్యుబ్ల్యానా నుంచి ప్రొఫెసర్లొచ్చారు.
గ్రాజ్ నుంచి ఒక వ్యాపారి బొచ్చుకోటుతో వచ్చాడు.
తొట్టి కింద ఉన్న చెక్కపెట్టె తెరవమన్నారు.
"నాటిన విత్తనం రోజూ తవ్వి చూస్తే
మొలుస్తుందా అయ్యా" అన్నాడు త్స్వేతో.
ఒక పత్రిక మేధావి అంది, ఇంకొకటి దొంగ అంది.
రెండు పత్రికలూ మా ఇంట్లో
బూట్ల కింద పరుచుకున్నాం.

నా పుస్తకంలో అతని లెక్క తేలిక.
ఒక రేడియో, ఒక వంటింటి దీపం: ముప్పై యూనిట్లు.
గోడ అవతల అతని అక్క మిలోయ్కా,
ఒంటరి మనిషి, ఒకే దీపం కింద లేసు అల్లుకుంటుంది:
నాలుగు వందల పన్నెండు.

ఒకసారి అడిగాను.
కదురుల మీంచి తలెత్తలేదు.
కటకటమని చెక్కలు దాటుతున్నాయి వేళ్ళ మధ్య.
"రాసుకో, కడుతున్నానుగా" అంది.
త్రియెస్తె దొరసానుల మెడపట్టీలన్నీ
ఆ కొట్టంలో బల్బులై వెలిగాయని
నాకప్పుడు అర్థమైంది.
మింగలేను, కక్కలేను.

డబ్బు పోయిందని వ్యాపారి కేసు వేశాడు.
నన్ను సాక్షికి పిలిచారు.
జడ్జి అతని మీటరు లెక్కలు అడిగాడు, చదివాను.
పక్కింటివి అడగలేదు. చెప్పలేదు.
అబద్ధం ఆడలేదు నేను,
నిజాన్ని కోటు జేబులో పెట్టుకుని
మెట్లు దిగానంతే.

అయినా ఎనిమిది నెలలు జైల్లో పెట్టారు.
తిరిగొచ్చిన రోజు కొందరు ఉమ్మారు,
కొందరు రేగుపళ్ళ సారా తెచ్చారు.
అతను నేరుగా కొట్టంలోకి వెళ్ళి చక్రం తుడిచాడు.
అక్క చేసే పని అతనికి తెలుసా?
ఇరవై ఏళ్ళు అనుకున్నాను, తెలుసని.
ఇరవై ఏళ్ళు అనుకున్నాను, తెలియదని.

మిలోయ్కా ముందు పోయింది, మంచు కాలంలో.
చనిపోయిన వాళ్ళ కనెక్షన్ తీసెయ్యమని కాగితం వచ్చింది.
స్తంభం ఎక్కాను. చేతితొడుగుల్లో వేళ్ళు కొయ్యబారాయి.
తీగె తెంపి
దిగి కొట్టం వైపు నడిచాను.

బల్బులు ఆరిపోయి ఉన్నాయి.
చీకట్లో స్టూలు మీద త్స్వేతో.
చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది,
పాదరసం మీద చప్పుడు లేకుండా.
బరువైన ఇనుము, వెంటనే ఆగదు,
అది స్కూల్లో చదువుకున్నదే.

"గుడ్డి దీపాలు" అన్నాడతను, "ఎప్పుడూ వాటినే చూశారు మీరంతా."

ఆగేదాకా నిలబడాల్సింది.
పక్క వీధిలో ఇంకా పదకొండు మీటర్లున్నాయని
టార్చి వేసుకుని వచ్చేశాను.

ఇప్పుడు పెన్షన్ తీసుకుంటున్నాను.
కాసేపటికే ఆగిపోయిందని ఎవరైనా చెబితే
నమ్మేస్తాను, కాఫీ కూడా పోయిస్తాను.
రొట్టె కొనడానికి మాత్రం
ఆ వీధి తప్పించి, వంతెన చుట్టు తిరిగి వెళ్తాను.